మంచి వైపుకు చుట్టిన అంచు

టూంగాబీ, సిడ్నీ
20 మార్చి 1999

విద్య పిన్నిగారికి,

లతీఫా సలాములు. ఉద్యోగం వచ్చింది. ముందు ఆ ముక్క రాసేశాను, ఇక మిగతావి నిదానంగా చెబుతాను.

మీరు ఫోన్లో చెప్పిన గుర్తులేవీ తప్పలేదు. టౌన్‌హాల్ స్టేషన్‌లో దిగి, పాత ఆర్కేడులోకి వెళ్ళి, చెక్కమెట్ల మీద రెండంతస్తులు ఎక్కితే ఆకుపచ్చ తలుపు. మీరు సిడ్నీ వదిలి ఇరవై రెండేళ్ళయినా తలుపు రంగు మారలేదు. లోపల మదామ్ ఒడెట్. వయసు డెబ్బై దాటి ఉంటుంది, మనిషి మాత్రం నిటారుగా ఉంది. ఫ్రాన్సులో, ఇటలీలో పేరున్న కంపెనీలు చేసిన హ్యాండ్‌బ్యాగులు, గ్లవుజులు, పట్టు స్కార్ఫులు పాడైతే ఈ ఊరి గొప్పింటి ఆడవాళ్ళంతా ఆవిడ దగ్గరికే తెస్తారట. మీరు వద్దన్నారు కాబట్టి మీ పేరు ఎత్తలేదు. "ఎవరు పంపారు?" అని అడిగితే "మా ఊరి ఆంటీ ఒకావిడ," అన్నాను. అబద్ధం కాదుగా.

"అంచు చుట్టడం వచ్చా?" అని తెల్ల పట్టుగుడ్డ ముక్క ఒకటి చేతిలో పెట్టింది. బందరులో మా దాదీ పక్కన కూచుని ఓణీలకు అంచులు చుట్టిన చెయ్యి ఇది. వేలు తడిచేసి, గుడ్డ అంచును దారంలా సన్నగా చుట్టుకుంటూ నాలుగంగుళాలు కుట్టి ఇచ్చాను. భూతద్దం పెట్టి చూసి "ఫరవాలేదు, సోమవారం రా," అంది. సూది గుచ్చుకోకుండా వేలికొనకు తొడుక్కోమని చిన్న అంగుస్తానా కూడా ఇచ్చింది. మన చిలకలపూడి రోల్డుగోల్డులా పచ్చగా ఉంది. దానికి సరిపోయే వేలు చాలా ఏళ్ళుగా రాలేదంది. నాకు కొలిచి చేసినట్టు సరిపోయింది.

రెండువేల సంవత్సరం వచ్చేసరికి కంప్యూటర్లు మళ్ళీ పందొమ్మిది వందలకు వెళ్ళిపోతాయని లోకమంతా భయం కదా. మా ఆయన సయీద్ ఇన్సూరెన్సు కంపెనీలో కూచుని పాత ప్రోగ్రాములు ఒక్కొక్క లైనూ దిద్దుతున్నాడు. నేను మాత్రం బి.కాం. చదివి, మా పాప అలీజా లంచ్‌బాక్సు కడుగుతూ, కిటికీలోంచి పక్కింటివాళ్ళ లాన్‌మోవరు చూస్తూ ఏడాది గడిపాను. ఈ దేశంలో నాకంటూ ఒక కుర్చీ దొరకడం ఇదే మొదటిసారి. అది మీ పుణ్యమే పిన్నీ. ఆ కుర్చీ పోకుండా ఉండాలంటే ఏమేం తెలుసుకోవాలో అన్నీ రాయండి. సయీద్ ఈమెయిల్ పెట్టుకోమంటాడు గానీ, తెలుగు అక్షరాలు ఆ పెట్టెలో పట్టవు.

మీ
లతీఫా


కానింగ్ వేల్, పెర్త్
2 ఏప్రిల్ 1999

లతీఫా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ అమ్మ, నేను బందరు స్కూల్లో ఒకే బెంచీ. ఆ చనువుతో చెబుతున్నాను, ఉపన్యాసం అనుకోకు.

తలకు నూనె రాసుకుని వెళ్ళకు. పట్టు మీద ఒక్క చుక్క పడిందా, ఇక అది జన్మకు పోదు. గాజులు తలుపు దగ్గరే తీసేసి బ్యాగులో వేసుకో. పనిబల్ల దగ్గర టీ తాగకూడదు, కిటికీ దగ్గర నిలబడి తాగాలి. ఆవిడకు పాలు లేకుండా టీ దిగదు, పాలసీసా ఖాళీ అయితే అడక్కుండా వెళ్ళి తీసుకురా. సూది విరిగితే దాచకు, రెండు ముక్కలూ చూపించు. ఆవిడ మెచ్చుకోదు. "ఫరవాలేదు" అన్నదంటే ఇంటికెళ్ళి సేమ్యా పాయసం చేసుకోవచ్చు.

అంతే. మిగతాది నీ చేతికే తెలుసు. రామానుజం గారు యూనివర్సిటీ నుంచి వచ్చారు, అన్నం పెట్టాలి.

విద్యావతి


టూంగాబీ
15 ఆగస్టు 1999

పిన్నిగారికి,

మీరు రాసినవన్నీ తు.చ. తప్పకుండా పాటిస్తున్నాను. ఒక్క సందేహం మాత్రం ఉండిపోయింది. మదామ్‌ను ఎప్పుడో ఒకట్రెండుసార్లు చూశానని ఫోన్లో అన్నారు. టీ ఎక్కడ నిలబడి తాగాలో, పాలసీసా ఎప్పుడు ఖాళీ అవుతుందో కూడా తెలిసేంత బాగా చూశారే. సరే, పెద్దవాళ్ళు చెప్పినప్పుడే వింటాను.

పిన్నీ, ఇక్కడ ఏం నేర్చుకుంటున్నానో చెబితే మీరు నమ్మరు. హ్యాండ్‌బ్యాగు పిడి కుట్టడానికి ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు. ఒకే చిల్లులో అటునుంచి ఒకటి, ఇటునుంచి ఒకటి దూరుస్తారు. పూర్వం గుర్రపు జీన్లు కుట్టిన పద్ధతి అట. ఒక కుట్టు తెగినా పక్క కుట్టు వదలదు. మిషను కుట్టయితే ఒకటి తెగితే వరసంతా ఊడొస్తుంది. పోయిన నెలలో నలభై ఏళ్ళనాటి బ్యాగు వస్తే, దాని లోపల కుట్టినవాడి గుర్తు ముద్ర చూపించి, "వీడు ఎడమచేతివాటం మనిషి, కుట్టు వాలు చూడు," అంది మదామ్. ఎప్పుడో పోయి ఉంటాడు, ఊరూ పేరూ ఎవరికీ తెలియదు. ఆవిడ మాత్రం పక్కవీధి మనిషిలా మాట్లాడుతుంది.

ఆవిడది లియోన్ ఊరు. వాళ్ళమ్మ ఇంట్లో కిటికీ దగ్గర కూచుని కంపెనీలకు స్కార్ఫుల అంచులు చుట్టేదట. ఏ అంచు ఎవరు చుట్టారో ఆ వీధి ఆడవాళ్ళందరూ వేలితో తడిమి చెప్పేవారట. మా దాదీ కూడా అంతే కదా. కాకపోతే దాదీ పేరు ఏ షాపు గోడ మీదా ఉండదు. మదామ్‌తో ఆ మాటంటే, "మా అమ్మ పేరు కూడా లేదు," అంది.

స్కార్ఫులు మాత్రం ఇంకా నా చేతికి రాలేదు. అవి లోపలి గదిలో తనే కుట్టుకుంటుంది. నాకు మళ్ళీ మళ్ళీ ఆ తెల్లగుడ్డే. విసుగ్గా ఉన్నా పైకి అనను. పొద్దున రైల్లో నిలబడి వెళ్తూ కూడా సంతోషంగా ఉంటోంది. అలీజా వాళ్ళ టీచరుతో "మై మమ్ ఫిక్సెస్ ప్రిన్సెస్ బ్యాగ్స్" అని చెప్పిందట.

లతీఫా


టూంగాబీ
24 అక్టోబరు 1999

పిన్నిగారికి,

ఆగస్టు నుంచి మీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. నా వేళాకోళానికి కోపమొచ్చిందా? వస్తే క్షమించండి. ఈ ఉత్తరం చదివితే కోపం పోతుంది.

మదామ్‌కు కంటి శుక్లం ఆపరేషన్ అయింది. మూడు వారాలు షాపు నాకప్పజెప్పింది. "వచ్చినవి తీసుకో, అయినవి ఇచ్చెయ్, కొత్త పని మొదలుపెట్టకు," అంది. ఆ మూడో మాట నేను వినలేదు.

రెండో రోజునే మాస్మన్ నుంచి మిసెస్ హాలొరన్ అని ఒకావిడ స్కార్ఫు తెచ్చింది. వాళ్ళమ్మ 1956లో పారిస్‌లో కొనుక్కున్నదట. ఆ అమ్మ ఇప్పుడు లేదు. నవంబరు ఇరవై ఏడున ఈవిడ కూతురి పెళ్ళి, ఆ అమ్మాయి దాన్ని చేతికి చుట్టుకుని చర్చిలో నడవాలట. ఒక మూల జానెడు అంచు ఊడింది. అంతే పని. కానీ మడత విప్పి చూద్దునా, నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవడో పని రానివాడు నాలుగు వైపులా అంచును మంచి వైపుకు చుట్టి పెట్టాడు. కుట్టంతా అచ్చుబొమ్మ మీదే కనబడుతోంది. అంత ఖరీదైన పట్టుకు అంత మొరటు పనా? మనింట్లో జేబురుమాలు కూడా అలా కుట్టం.

ఊరుకోలేకపోయాను. నాలుగు వైపులా విప్పేశాను. పాత పట్టు కదా, విప్పడానికే ఐదు రోజులు పట్టింది. ఇంకో నాలుగు రోజులు కూచుని ఉల్టా వైపుకు చుట్టాను. ఇప్పుడు ముందునుంచి చూస్తే ఒక్క కుట్టు కనబడితే ఒట్టు. "కుట్టు కనబడిందంటే కుట్టినవాడికి సిగ్గు," అనేది దాదీ. ఆవిడ చూస్తే దిష్టి తీసేది.

మదామ్ నవంబరు ఒకటిన వస్తుంది. పెళ్ళి ముందువారం మిసెస్ హాలొరన్ వచ్చి తీసుకెళ్తుంది. మదామ్ భూతద్దం పెట్టి చూసి "ఫరవాలేదు" అంటుంది చూడండి, నాకు అదే ఈద్.

లతీఫా


కానింగ్ వేల్
28 అక్టోబరు 1999

లతీఫా,

దీన్ని ఎక్స్‌ప్రెస్ పోస్టులో పంపుతున్నాను, మదామ్ రాకముందే నీకు అందాలని. ఫోను మూడుసార్లు చేతిలోకి తీసుకుని పెట్టేశాను. నోటితో చెప్పే ధైర్యం నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఆ అంచును పని రానివాడు చుట్టలేదమ్మా. లియోన్‌లో అలాగే చుడతారు. అంచు మంచి వైపుకే రావాలి. బొమ్మకు అది చట్రం. ఆ చట్రాన్ని బట్టే అది ఏ ఊరి చెయ్యో గుర్తుపడతారు. నువ్వు విప్పేసింది ఆ గుర్తునే.

నాకెలా తెలుసు అంటావు. 1975 నుంచి రెండేళ్ళు నువ్వు కూచున్న బల్ల దగ్గరే నేనూ పనిచేశాను. నాకూ తెల్లగుడ్డ మీదే నేర్పింది. తెల్లగుడ్డకు మంచి వైపు, ఉల్టా వైపు ఉండవు కదా. ఒక రోజు బూడిదరంగు మీద పిట్టల బొమ్మలున్న స్కార్ఫు నా చేతికిచ్చి బయటికెళ్ళింది. నేనూ అచ్చం నీలాగే అనుకున్నాను. ఒక వైపు విప్పి వెనక్కి చుట్టి, రెండో వైపు మొదలుపెట్టబోతుంటే మదామ్ వచ్చింది, ఆవిడ వెనకే ఆ స్కార్ఫు మనిషీ వచ్చింది. ఆ మనిషి నా ముఖం మీదే గుడ్డ విసిరి, "దీనికి ఏం తెలుసని దీని చేతికిచ్చావు?" అంది. మదామ్ ఏమందో నేను వినలేదు. "పాలు అయిపోయాయి, తెస్తాను," అని మెట్లు దిగాను. దిగినదాన్ని దిగినట్టే స్టేషన్‌కి వెళ్ళిపోయాను. అంగుస్తానా బల్ల మీదే ఉండిపోయింది. చిలకలపూడిలో మా నాన్న చేయించి ఇచ్చినదే అది. నీ మొదటి ఉత్తరంలో దాని సంగతి చదివి తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

ఆ రోజుల్లోనే రామానుజం గారికి పెర్త్‌లో ఉద్యోగం వచ్చింది, నన్ను సిడ్నీ నుంచి ఎలా కదిలించాలా అని ఆయన మథనపడుతున్నారు. "వెళ్దాం," అన్నాను. "నా కోసం ఇష్టమైన పని వదులుకున్నావు," అని ఆయన ఈనాటికీ నలుగురిలో కృతజ్ఞతలు చెబుతారు. నేను కాదనలేదు.

ఏమేం తెలుసుకోవాలో అన్నీ రాయమని నువ్వు అడిగావు. నూనె గురించి రాశాను, గాజుల గురించి రాశాను. ఈ ఒక్క వాక్యం రాస్తే నా కథ బయటపడుతుందని రాయలేదు. నా పరువు కాపాడుకోవడానికి నీ పని పాడుచేశాను. నన్ను ఏమన్నా అను. కానీ మెట్లు దిగి వెళ్ళిపోకు. ఆవిడ చూసేలోపే నువ్వే చెప్పు.

విద్యావతి


టూంగాబీ
30 అక్టోబరు 1999

పిన్నిగారూ,

ఉత్తరం అందింది. నాకు మీ మీద చాలా కోపంగా ఉంది. దాచి రాస్తే నేనూ మీలాగే అవుతాను కాబట్టి రాసేస్తున్నాను.

ఒక తల్లి గుర్తును ఇంకో తల్లి నా చేతిలో పెట్టింది. నేను పాడుచేశాను. రెండోసారి విప్పితే ఆ పట్టు నిలుస్తుందో లేదో తెలియదు. ఒక్క వాక్యం చాలేది.

పొద్దున సయీద్‌తో "ఇక షాపుకి వెళ్ళను, ఒంట్లో బాగాలేదని ఫోన్ చేసెయ్," అన్నాను. ఆయన తన కాగితాల మీంచి తలెత్తకుండా, "దొరికిన తప్పుకు ఏడుస్తారా ఎవరైనా? మా ఆఫీసులో తప్పు దొరికితే కేకు కోస్తాం. దొరకనివే జనవరి ఒకటిన పేలతాయి," అన్నాడు. నవ్వు రాలేదు.

సోమవారం మదామ్ వస్తుంది. వెళ్తాను.

లతీఫా


టూంగాబీ
12 డిసెంబరు 1999

విద్య పిన్నిగారికి,

రంజాన్ నెల మొదలైంది. ఉపవాసం ఉన్నవాళ్ళు కోపం పెట్టుకోకూడదు, అందుకని నాది పోయిన నెలలోనే వదిలేశాను. ఆరు వారాలు రాయనందుకు మన్నించండి. చేతులు ఖాళీ లేవు, ఎందుకో చదివితే తెలుస్తుంది.

ఆ సోమవారం మదామ్ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, రెయిలింగు పట్టుకుని మెట్లెక్కింది. కోటు విప్పనివ్వకుండా గుమ్మంలోనే చెప్పేశాను. ఏం చేశానో, ఎందుకు చేశానో, వద్దన్న పని ఎలా మొదలుపెట్టానో అంతా చెప్పాను. ఆవిడ కుర్చీలో కూచుని స్కార్ఫు అడిగింది. కన్ను ఇంకా సరిగా ఆనడం లేదు, అంచు పొడుగునా వేళ్ళతో తడుముకుంటూ నాలుగు వైపులా తిరిగొచ్చింది.

"చాలా మంచి చెయ్యి," అంది. "తప్పు వైపు."

పిన్నీ, ఆవిడ నోట "చాలా మంచి" అన్న మాట నేను విన్నది అదే మొదలు. ఏడ్చేశాను. అప్పుడు లేచి బీరువా పై సొరుగు తెరిచి, పల్చటి కాగితంలో చుట్టిన పొట్లం ఒకటి తీసి నా ఒళ్ళో పెట్టింది. బూడిదరంగు, పిట్టలు. మూడు వైపులా అంచు ముందుకు, ఒక వైపు వెనక్కి. "ఇలాంటిది నా దగ్గర ఇంకోటి ఉంది," అంది.

మీ పేరు చెప్పొద్దన్నారు. చెప్పేశాను. ఇక ఆగలేకపోయాను.

ఆవిడ పొట్లం తన ఒళ్ళోకి తీసుకుంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. ఆ రోజు తన సొంత స్కార్ఫు ఒకటి బదులిచ్చి, ఆ మనిషిని మెట్లు దింపేసి, ఇది తనే ఉంచేసుకుందట. మీరు పాలకోసం వెళ్ళారని కేటిల్ పెట్టుకుని సాయంత్రం దాకా కూచుందట. నాలుగో రోజున యాష్‌ఫీల్డ్‌లో మీ ఇంటికి వెళ్తే తాళం వేసి ఉందట. "ఆ అమ్మాయికి ఒక మాట చెప్పాల్సి ఉండిపోయింది," అంది. "తెల్లగుడ్డ మీద నేర్పింది నేను. మంచి వైపేదో చెప్పలేదు. మా ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పలేదు, పుట్టినప్పటినుంచి చూస్తూనే ఉంటాం. చెప్పాలని నాకు తోచలేదు. రెండోసారి కూడా తోచలేదు."

ఆ మాట మీకు రాయమని ఆవిడ అడగలేదు. నేనే రాస్తున్నాను, మీరు వినాలి కాబట్టి.

ఇక స్కార్ఫు. మళ్ళీ విప్పాను. తిరగచుట్టినప్పుడల్లా నూలుపోగంత గుడ్డ తగ్గుతుంది, ఇంకో పొరపాటుకు చోటు లేదు. మదామ్‌ను తల వంచొద్దన్నారు డాక్టర్లు. అందుకని నేను కుడుతుంటే, ఆవిడ పక్కన కూచుని కుట్టిన అంచును వేళ్ళతో పట్టుకుంటూ వచ్చింది. లావయితే వేలు ఆగేది, నేను విప్పేదాన్ని. పదకొండు రోజులు పట్టింది. కుట్టు కనబడేట్టు కుట్టడం నాకు ఎంత కష్టమైందో మీకు తెలుస్తుంది. దాదీ వెనకనుంచి చూస్తున్నట్టే ఉండేది.

మిసెస్ హాలొరన్‌కు ఏమీ దాచలేదు. అంతా విని, "ఇరవై రోజులు మా అమ్మ స్కార్ఫు నీ చేతుల్లోనే ఉందా?" అంది. అవునన్నాను. "మేం దాన్ని పెట్టెలోంచి తీసి పదేళ్ళయింది," అని స్కార్ఫు మడిచి తీసుకెళ్ళింది. పెళ్ళయ్యాక కేకు ముక్క, ఫొటో పంపింది. ఆ అమ్మాయి మణికట్టు మీద అంచు కనబడుతోంది. ఆ ఫొటోకు అద్దం కట్టించి షాపులో తగిలించాం.

ఇప్పుడు షాపులో కొత్త నియమం. నేర్చుకునేవాళ్ళకు ఇక తెల్లగుడ్డ ఉండదు, అచ్చుబొమ్మ ఉన్న గుడ్డే. జనవరి నుంచి వారానికి రెండు రోజులు నేను నేర్పాలట.

ఒక్క పని మిగిలింది. అంగుస్తానా తీసి ఇవ్వబోతే మదామ్ తీసుకోలేదు. "అది నాది కాదు. ఎవరిదో వాళ్ళనడుగు," అంది. అడుగుతున్నాను.

మీకు ఎన్నో చెప్పాలని ఉంది. మీరు ఆ ఉత్తరం రాయకపోతే నేను ఆ గుడ్డను గర్వంగా మదామ్ ముందు పెట్టేదాన్ని. మీ పరువు పక్కనపెట్టి నా కుర్చీ నిలబెట్టారు. శుక్రియా పిన్నీ.

మీ
లతీఫా


కానింగ్ వేల్, పెర్త్
9 జనవరి 2000

చిరంజీవి లతీఫాకు,

నిన్న ఈద్ బాగా జరిగిందనుకుంటాను. సయీద్ దిద్దిన కంప్యూటర్లు నిలబడ్డాయి, మా ఇంట్లో కరెంటు పోలేదు. రామానుజం గారు బాత్‌టబ్బు నిండా పట్టిపెట్టిన నీళ్ళు రెండో తారీఖున గులాబీ మొక్కలకు పోశాం.

ఒకటో తారీఖు పొద్దున కాఫీ ఇస్తూ ఆయనకు అంతా చెప్పేశాను. నీ ఉత్తరం కూడా ఇచ్చి చదవమన్నాను. చదివి, కళ్ళద్దాలు తుడుచుకుని, "అయితే ఇన్నేళ్ళూ నేను థాంక్స్ చెప్పాల్సింది ఆ విసిరికొట్టినావిడకన్నమాట," అన్నారు. కాసేపటికి లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు. మనసు నొచ్చుకుంది, ఆయన అనరు. మధ్యాహ్నం వచ్చి, "నువ్వు వెళ్ళి చూసిరావాలి, నేనూ వస్తాను," అన్నారు. టిక్కెట్లు ఆయనే తెచ్చారు.

మదామ్ చెప్పిన మాట పూజగదిలో కూచుని చదువుకున్నాను. ఇరవై రెండేళ్ళు ఆవిడ నన్ను తిట్టుకుంటోందని అనుకున్నాను. కేటిల్ పెట్టుకుని కూచుందని అనుకోలేదు.

ఆ పిట్టల స్కార్ఫు నాలుగో వైపు ఇప్పుడైనా సరిచేస్తానని అడుగుతాను. ఆవిడ ఒప్పుకోకపోతే ఊరుకుంటాను. అంగుస్తానా సంగతి అడిగావు. నీ వేలికే ఉంచుకో. మా నాన్న ఉంటే ఆయనా అదే అనేవాడు. నువ్వు నేర్పే పిల్లల్లో దానికి సరిపోయే వేలు ఎప్పుడన్నా వస్తే, అప్పుడు నీ ఇష్టం.

ఫిబ్రవరి పన్నెండు, శనివారం. పొద్దున పదింటికి కేటిల్ పెట్టమని మదామ్‌తో చెప్పు. పాలు నేను తెస్తున్నాను.

మీ పిన్ని
విద్యావతి